అమీర్‌పేట న్యుమోనియా బ్యాచ్: టీచర్‌కి ఐదు స్టార్లు, మెటీరియల్‌కి రెండు

ఇది మెడికల్ కోడింగ్ క్లాసు రివ్యూ, అంటే ఆస్పత్రి చార్టులో డాక్టర్ రాసిన రోగాలకి బిల్లు కోసం కోడ్ నంబర్లు వేసే పని. ముందే చెప్పేస్తే మీ టైమ్ మిగులుతుంది. నర్సింగో బీఫార్మసీయో ఇప్పుడే పూర్తి చేసి, "కోడింగ్ నేర్చుకుంటే హైటెక్ సిటీలో ఉద్యోగం గ్యారంటీ అట" అని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఈ బ్యాచ్ జోలికి వెళ్లకండి. ఇది ఇప్పటికే అమెరికా ఆస్పత్రుల చార్టులు చేస్తూ, అవుట్‌పేషెంట్ నుంచి ఇన్‌పేషెంట్ (ఆస్పత్రిలో చేరినవాళ్ల చార్టులు) వైపు మారదామనుకునే వాళ్ల కోసం. శని, ఆదివారాలు పొద్దున పూట క్లాసు. చెప్పేది ఒక్కటే సబ్జెక్టు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు. బ్రాంకైటిస్, బ్రాంకియోలైటిస్, న్యుమోనియా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లకి వచ్చి పడే ఇన్ఫెక్షన్, వెంటిలేటర్ మీద ఉండగా పట్టుకునే న్యుమోనియా. రోగాల కోడ్లుండే ఐసీడీ-10-సీఎం పుస్తకంలో పదో చాప్టర్‌లో ఓ ముక్క, అంతే. "దానికి 6,500 రూపాయలా?" అని మా రూమ్మేట్ నోరెళ్లబెట్టింది.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. కింద తిట్టినవి కొన్ని ఉన్నాయి, ఎందుకొచ్చిన గొడవ. పైగా అమీర్‌పేటలో బయట బోర్డు అదే ఉంటుంది, లోపల చెప్పేవాళ్లు మారిపోతుంటారు. పేరు కంటే ఏం చూసుకుని చేరాలో తెలిస్తేనే మీకు ఉపయోగం.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ స్టార్లు ఎందుకలా వేశానో అర్థం కాదు. మాది ఖమ్మం దగ్గర ఊరు. బీఎస్సీ నర్సింగ్ చేసి, కొన్నాళ్లు మెడికల్ వార్డులో డ్యూటీ చేశాను. దగ్గు, జ్వరం, ఆయాసంతో వచ్చిన వాళ్ల కేస్ షీట్ల మీద మన దగ్గర తరచుగా కనిపించే మాట "ఎల్ఆర్‌టీఐ", లోయర్ రెస్పిరేటరీ ట్రాక్ట్ ఇన్ఫెక్షన్. అది బ్రాంకైటిసా, న్యుమోనియానా, ఏ క్రిమి అన్న వివరం లేకుండానే యాంటీబయాటిక్ మొదలైపోతుంది. అదే మాట అమెరికా చార్టులో కనిపిస్తే జె22, అంటే ఫలానా అని తేల్చని అక్యూట్ లోయర్ రెస్పిరేటరీ ఇన్ఫెక్షన్. డాక్టర్ అంతవరకే రాసుంటే ఆ కోడ్ సరైనదే. కానీ అదే చార్టులో ఇంకో పేజీలో అదే డాక్టర్ "న్యుమోనియా" అని రాసి ఉండగా జె22 వేసి పంపిస్తే ఆడిటర్ ఊరుకోరు.

ఇన్నాళ్లూ ఈడీ (ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్) చార్టులు చేశాను. ఇన్‌పేషెంట్ టీమ్‌కి మారుస్తున్నారని తెలిశాక, అక్కడ చలి మొదలయ్యేలోపే ఈ భాగం గట్టి చేసుకోవాలనిపించింది. అమెరికాలో చలికాలం వచ్చిందంటే మా క్యూలో ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకి సోకే ఒక వైరస్), న్యుమోనియా చార్టులు గుట్టలు పడతాయి. గచ్చిబౌలిలో ఫ్యాన్ వేసుకుని కూర్చున్నా అక్కడి వాతావరణం మాకు తెలిసిపోతుంది.

ఇక టీచర్. ఒక మేడమ్ చెబుతారు. ఇన్‌పేషెంట్ ఆడిటింగ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినావిడ. మొదటి రోజు బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ గీసి బ్రాంకస్, బ్రాంకియోల్, ఆల్వియోలై అని మొదలుపెడతారనుకున్నాం. అదేమీ లేదు. పేరూ తేదీలూ నల్లసిరాతో కొట్టేసిన ఒక చార్టు జిరాక్సు చేతికిచ్చారు. అది కూడా మొత్తం కాదు, డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే. ఎక్స్‌రే రిపోర్టు, కల్చర్ రిపోర్టు ఆవిడ దగ్గరే పెట్టుకున్నారు. "ముందు దీంతో కోడ్ చెయ్యండి. తర్వాత మిగతావి ఇస్తాను. అప్పుడు మీ కోడ్ మారితే ఎందుకు మారిందో చెప్పాలి" అన్నారు.

పేషెంటు డెబ్భై దాటిన మనిషి, పాత సీఓపీడీ. సమ్మరీలో ఆఖరి డయాగ్నోసిస్ రెండే ముక్కలు: రైట్ లోయర్ లోబ్ న్యుమోనియా, సీఓపీడీ ఎగ్జాసర్‌బేషన్ (ఉన్న జబ్బు ఒక్కసారిగా ముదరడం). అందరం ఏదో ఒకటి రాశాం. తర్వాత మిగతా పేజీలు ఇచ్చారు. ఎక్స్‌రేలో కుడివైపు కింది లోబ్‌లో ఇన్‌ఫిల్ట్రేట్. కఫం కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. కల్చర్ వచ్చిన మర్నాడే యాంటీబయాటిక్ మార్చినట్టు మందుల చార్టులో ఉంది. వార్డులో పనిచేసినవాళ్లకి ఇంకేం కావాలి? పక్క బెంచీలో వరంగల్ నుంచి వచ్చిన అబ్బాయి జె18.9 (ఏ క్రిమి అని తేల్చని న్యుమోనియా) కొట్టేసి జె15.0 రాసేశాడు. అది క్లెబ్సియెల్లా న్యుమోనియా కోడ్.

"కల్చర్‌లో క్లియర్‌గా ఉంది కదా మేడమ్?"

"ఉంది నాన్నా. డాక్టర్ రాశారా?"

"మందు కూడా దానికి తగ్గట్టే మార్చారు మేడమ్."

"మార్చారు. రాశారా?"

అక్కడితో వాడు ఆగిపోయాడు. ఆ తర్వాత బ్యాచ్ మొత్తం మీద ఎవరు ఎగిరి కోడ్ చెప్పినా వెనక బెంచీ నుంచి "రాశారా?" అని అరుపులు.

నవ్వులాట సంగతి అలా ఉంచితే, ఈ బ్యాచ్‌కి పెట్టిన డబ్బు ఆ ఒక్క ప్రశ్నకే చెల్లిపోయిందంటాను. గైడ్‌లైన్స్ ప్రకారం పేషెంటుని చూసిన ప్రొవైడర్ ఏ రోగమని రాస్తే దానికే కోడ్. ల్యాబ్ రిపోర్టు, రేడియాలజిస్టు రిపోర్టు చూసి కోడర్ సొంతంగా రోగం పేరు పెట్టడానికి లేదు. నాలాంటి నర్సులకీ, ఫిజియోథెరపీ చదివినవాళ్లకీ ఇది మింగుడు పడదు. మనకి తెలిసిపోతుంటుంది. తెలిసినా రాయకూడదు. తెలిసినందుకు చెయ్యగలిగింది ఒక్కటే, డాక్టర్‌కి క్వెరీ, అంటే రాతపూర్వకంగా ప్రశ్న పంపడం.

ఆ చార్టులోనే ఇంకో మెలిక. "లోయర్ లోబ్ అని రాశారు కాబట్టి లోబార్ న్యుమోనియా, జె18.1" అని సగం మంది రాశాం. కాదు. న్యుమోనియా ఏ లోబ్‌లో ఉందో చెప్పడం వేరు, లోబార్ న్యుమోనియా అని రోగం పేరు పెట్టడం వేరు. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ వాళ్ల కోడింగ్ క్లినిక్ పత్రిక 2018లో ఈ ప్రశ్నకి జవాబిచ్చేసింది: డాక్టర్ "లోబార్ న్యుమోనియా" అని రాస్తేనే జె18.1, లేకపోతే జె18.9. మా ఆఫీసులో ఏళ్లుగా చేస్తున్నవాళ్లు కూడా దీని మీద ఇప్పటికీ వాదించుకుంటారు.

సీఓపీడీ వైపు రెండు కోడ్లు పడతాయి. ఇన్ఫెక్షన్‌తో కలిసి ఉన్నందుకు జె44.0, ఎగ్జాసర్‌బేషన్‌కి జె44.1. రెండూ కలిపి వెయ్యొచ్చు. మరి న్యుమోనియా ముందా, సీఓపీడీ ముందా? జె44.0 కింద ఒకప్పుడు "యూజ్ అడిషనల్ కోడ్" అని ఉండేది, అంటే జె44.0 ముందు, ఇన్ఫెక్షన్ తర్వాత. 2017 అక్టోబర్ నుంచి దాన్ని "కోడ్ ఆల్సో" అని మార్చారు. ఇప్పుడు వరస పుస్తకం చెప్పదు, అడ్మిషన్ చెబుతుంది. పేషెంటుని ప్రధానంగా దేనికి చేర్చుకున్నారు, చికిత్స దేని చుట్టూ తిరిగింది అన్నది చూడాలి.

ఈ వరసకి ఇంత రభస ఎందుకంటే, డబ్బు. ఆస్పత్రికి మెడికేర్ (వృద్ధులకి అమెరికా ప్రభుత్వ బీమా) చెల్లించేది డీఆర్‌జీ గ్రూపుని బట్టి, అంటే ఒకేలాంటి కేసులని కలిపి నంబరు వేసిన గుంపు. సీఓపీడీ ముందు పెడితే 190 నుంచి 192, మామూలు న్యుమోనియా ముందు పెడితే 193 నుంచి 195. అదే డాక్టర్ క్లెబ్సియెల్లా అని రాసి, అది ప్రిన్సిపల్ (చేర్చుకోవడానికి ముఖ్య కారణమైన రోగం) అయితే 177 నుంచి 179లోకి వెళుతుంది, చెల్లింపు పెరుగుతుంది. అంటే వరంగల్ అబ్బాయి ఉత్సాహంగా వేసిన జె15.0 ఆడిట్‌లో దొరికితే దాన్ని పొరపాటు అని వదలరు, రాయని రోగానికి ఎక్కువ బిల్లు వేసినట్టు లెక్క. ఈ ముక్క మేడమ్ చాలా మెల్లగా, రెండుసార్లు చెప్పారు.

క్వెరీ క్లాసు ఈ బ్యాచ్‌లో అన్నిటికన్నా బాగుంది. అందరి చేతా అదే చార్టుకి తెల్లకాగితం మీద క్వెరీ రాయించి, కాగితాలు మార్పించి, ఎర్ర పెన్ను మా చేతికే ఇచ్చారు. ఒకమ్మాయి హెడ్డింగ్‌లోనే "క్లెబ్సియెల్లా న్యుమోనియా గురించి" అని రాసింది. "హెడ్డింగ్‌లోనే జవాబు చెప్పేశావు కదమ్మా, ఇక డాక్టర్‌ని అడగడం ఎందుకు?" అన్నారు. అమెరికాలో ఈ రంగం వాళ్ల సంఘాలు ఏహెచ్ఐఎంఏ, ఏసీడీఐఎస్ కలిసి 2022లో సవరించిన క్వెరీ నియమాలు తీసి చదివించారు. చార్టులో ఏముందో తేదీతో సహా ముందు పెట్టాలి: కల్చర్ రిపోర్టు, జ్వరం, మందు మార్చిన రోజు. తర్వాత ఆప్షన్లు. అందులో "ఇతరం", "నిర్ధారించలేను" కూడా ఉండాలి. ఆస్పత్రికి ఎంత వస్తుందన్న ఊసు ఎక్కడా ఉండకూడదు. నా క్వెరీ చూసిన అబ్బాయి "ఆక్సిజన్ శాచురేషన్ ఎందుకు రాశావు? అడిగేది క్రిమి గురించి కదా" అని గీత కొట్టాడు. వాదించాను గానీ, వాడిదే పాయింటు.

"ప్రాబబుల్", "సస్పెక్టెడ్", "లైక్లీ" లాంటి మాటలకి ఒక పూర్తి క్లాసు ఇచ్చారు. నాలాగా ఈడీ నుంచి వచ్చేవాళ్లకి ఇది బాగా అవసరం, ఎందుకంటే అక్కడి అలవాటు ఇక్కడ తిరగబడుతుంది. ఈడీలో "ప్రాబబుల్ న్యుమోనియా" అని రాసి ఇంటికి పంపిస్తే న్యుమోనియా కోడ్ వెయ్యం, దగ్గు, జ్వరం లాంటి లక్షణాలకే వేస్తాం. ఇన్‌పేషెంట్‌లో డిశ్చార్జ్ నాటికి కూడా "ప్రాబబుల్ న్యుమోనియా" అనే ఉంటే, ఉన్నట్టే లెక్క, జె18.9. "ప్రాబబుల్ సూడోమోనాస్ న్యుమోనియా" (సూడోమోనాస్ ఒక బ్యాక్టీరియా) అంటే జె15.1. "కన్సర్న్ ఫర్ న్యుమోనియా" అన్నా అనుమానపు మాట కిందకే వస్తుంది. అయితే అది ఆఖర్న కూడా ఉండాలి. చేరిన రోజు "సస్పెక్టెడ్" అని రాసి, తర్వాత ఎక్కడా ఎత్తకపోతే చెల్లదు.

దీనికి మినహాయింపులు రెండు గుర్తుపెట్టుకోమన్నారు. ఫ్లూ ఒకటి, కోవిడ్ ఒకటి. "సస్పెక్టెడ్ ఇన్‌ఫ్లుయెంజా ఏ" అని ఉంటే ఇన్‌పేషెంట్ అయినా సరే జె10 (వైరస్ తేలిన ఫ్లూ) వెయ్యకూడదు, జె11కి (వైరస్ తేలని ఫ్లూ) వెళ్లాలి. కోవిడ్ అనుమానం ఉన్నంత మాత్రాన కోవిడ్ కోడ్ యూ07.1 వెయ్యకూడదు. నిర్ధారణ అయ్యి, దాని వల్లే న్యుమోనియా అని డాక్టర్ రాస్తే యూ07.1 ముందు, కోవిడ్ న్యుమోనియా కోడ్ జె12.82 తర్వాత. నిర్ధారణ అంటే ల్యాబ్ పాజిటివ్ కాగితమే చార్టులో ఉండాలని కాదు, డాక్టర్ ఖాయంగా రాస్తే చాలు. ఇక్కడా వెనక బెంచీ వాళ్లు "రాశారా?" అనేశారు.

వెంటిలేటర్ న్యుమోనియా కూడా అదే దారి. పేషెంటు వెంటిలేటర్ మీద ఉన్నాడు, న్యుమోనియా వచ్చింది, కాబట్టి జె95.851 అని రెండు ముక్కలు మనమే కలపకూడదు. వెంటిలేటర్ వల్లే వచ్చిందని డాక్టర్ రాయాలి. రాస్తే జె95.851తో పాటు క్రిమికి విడిగా కోడ్, సూడోమోనాస్ అయితే బి96.5. జె12 నుంచి జె18 లోపలి కోడ్ దాని కోసం మళ్లీ వెయ్యకూడదు. ఒక న్యుమోనియాతో చేరి, లోపల ఉండగా వెంటిలేటర్ వల్ల ఇంకోటి వస్తే మాత్రం మొదటిది ప్రిన్సిపల్, జె95.851 తర్వాత. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాదకర పరిస్థితి) కలిసి వచ్చిన చార్టు ఒకటే చేయించారు. రెండూ చేరేటప్పటికే ఉంటే సెప్సిస్ ముందు అని చెప్పి ముందుకి వెళ్లిపోయారు.

ఇప్పటిదాకా పొగిడాను. ఇక అసలు సంగతులు.

ఫీజుతో పాటు ఇచ్చే స్పైరల్ బైండింగ్ మెటీరియల్ పాతది. పాతదంటే కాగితాలు నలిగాయని కాదు. మిగతా గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా న్యుమోనియాకి అందులో ఇంకా జె15.6 అని ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి అది రెండుగా చీలింది: అసినెటోబ్యాక్టర్ బౌమనైకి జె15.61, మిగతావాటికి జె15.69. ఇప్పుడు జె15.6 అని కొడితే సిస్టమే తీసుకోదు. దగ్గుకి ఉత్త ఆర్05 ఇచ్చారు. అది 2021లోనే ఆర్05.1 నుంచి ఆర్05.9 వరకూ విడిపోయింది. జె44.0 దగ్గర "యూజ్ అడిషనల్ కోడ్" అన్న పాత వాక్యం అలాగే ఉంది, కోవిడ్ పేజీ మాత్రం మధ్యలో వేరే ఫాంట్‌లో అతికించారు. మేడమ్ క్లాసులో అన్నీ సరిగ్గానే చెప్పారు, ప్రతిసారీ "మీ బుక్కులో ఇది కొట్టేసుకోండి" అంటూ. కొట్టేసుకుని కొట్టేసుకుని నా బైండింగ్ పిల్లల డ్రాయింగ్ బుక్కులా తయారైంది. ఐసీడీ కోడ్లు ఏటా అక్టోబర్ 1న మారతాయి. ఆ సంగతి కోడింగ్ చెప్పే సంస్థకి తెలియదనుకోలేం. జిరాక్సు ఖర్చు మిగుల్చుకున్నారు.

పిల్లల కేసులు పైపైన తేల్చేశారు. బ్రాంకియోలైటిస్ జె21, ఆర్‌ఎస్‌వీ అయితే జె21.0, హ్యూమన్ మెటాన్యూమో వైరస్ అయితే జె21.1, అయిపోయింది. బ్రాంకైటిస్‌కి కూడా అంతే: అక్యూట్ అని రాస్తే జె20, అక్యూటో క్రానికో చెప్పకపోతే జె40. పిల్లల ఆస్పత్రి క్లయింటు ఉన్నవాళ్లు ఈ బ్యాచ్‌తో సరిపెట్టుకోలేరు.

పాంప్లెట్ మీద "సీపీసీకి కూడా ఉపయోగం" అని వేశారు, అదొక కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష. సీపీసీ పరీక్ష ప్రధానంగా డాక్టర్ల సర్వీసులు, అవుట్‌పేషెంట్ మీద నడుస్తుంది. డీఆర్‌జీలూ ప్రిన్సిపల్ డయాగ్నోసిస్ వరసలూ ఈ స్థాయిలో నేర్చుకుంటే పనికొచ్చేది ఇన్‌పేషెంట్ కూడా ఉండే సీఐసీ, సీసీఎస్ పరీక్షలకి, అంతకన్నా ముందు మీ రోజువారీ ఆడిట్ స్కోరుకి. నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్న బోర్డు కూడా రిసెప్షన్‌లో ఉంది. అది చూసి చేరిన ఇద్దరు ఫ్రెషర్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. డీఆర్‌జీ అంటే ఏంటో తెలియకుండానే వాళ్లని ఇందులో కూర్చోబెట్టారు. రెండో వారం నుంచి ఒకమ్మాయి రాలేదు. ఫీజు వెనక్కి అడిగితే "తర్వాతి బేసిక్ బ్యాచ్‌లో అడ్జస్ట్ చేస్తాం" అన్నారట. దీనికే నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది.

మిగతావి చిన్నవి. మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది గానీ నమ్మకండి. మెట్రో దిగి నడిచేంత దూరమే. క్లాసు తెలుగులో, నోట్సు ఇంగ్లిష్‌లో, ఇది మాలాంటి వాళ్లకి హాయి. కోడ్ పుస్తకాలు బెంచీకి ఒకటి పెడతారు. మేడమ్ కోడ్ వెతికిపెట్టే ఎన్‌కోడర్ సాఫ్ట్‌వేర్ తెరవనివ్వరు, పుస్తకం ఇండెక్స్‌లో వెతికి, టాబ్యులర్ (కోడ్ల వరస జాబితా)లో నోట్సు చదివి అప్పుడు కోడ్ చెప్పాలి. మొదట్లో విసుగే. కానీ ఎక్స్‌క్లూడ్స్ నోట్లు (ఈ కోడ్‌లోకి ఏది రాదో చెప్పేవి) కంటికి ఆనేది అలాగే. పక్క గదిలో జావా క్లాసు మైకు మన క్లాసులోకి వినిపిస్తుంది.

మిస్సయిన క్లాసులకి రికార్డింగులు ఇస్తామన్నారు. అడిగినప్పుడల్లా "అప్‌లోడ్ అవుతోంది మేడమ్" అంటున్నారు.

చేరదామనుకుంటే సగం ఫీజే కట్టి, మిగతాది రెండు వారాలయ్యాక ఇస్తానని గట్టిగా అడగండి, ఒప్పుకుంటారు. మా బ్యాచ్‌లో కొందరు అలాగే కట్టారు. కట్టేముందు ఆ టైమింగ్‌కి చెప్పేది ఈ ఆడిటర్ మేడమేనా అని కనుక్కోండి. ఆవిడ కాకపోతే ఈ రివ్యూలో పైసగం మీకు వర్తించదు. తర్వాత కౌంటర్‌లో ఉన్న అబ్బాయిని మెటీరియల్ ఒకసారి చూపించమని, బ్యాక్టీరియల్ న్యుమోనియా పేజీ తియ్యండి. ఇంకా జె15.6 అనే ఉంటే, బైండింగ్ వద్దని చెప్పి దాని డబ్బు తగ్గించమని అడగండి. గైడ్‌లైన్స్, కోడ్ లిస్టు రెండూ అమెరికా ప్రభుత్వం సీఎంఎస్, సీడీసీ సైట్లలో ప్రతి ఏడూ ఉచితంగానే పెడుతుంది.